ముట్టుకోలేదని చెప్పింది నేనే

పెళ్ళయి కర్నూలు నుంచి కడపకు వచ్చినప్పుడు నాకు తెలిసిన ఫిజిక్సంతా బోర్డు మీదిది. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో చెప్పేదాన్ని, ఇప్పుడూ అదే చెబుతున్నాను. అత్తగారింట్లో దాంతో ఎవరికీ పని పడలేదు. ఇన్వర్టరు ఆగిపోయినా ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసేవారు గానీ నన్ను అడిగేవారు కాదు. మా మామ ఒట్టు సంగతి వచ్చేదాకా అంతే.

ఆ ఒట్టుకు మూలం నా పెళ్ళే.

మా మామవాళ్ళది వ్యాపారం చేసుకునే కుటుంబం. వాళ్ళ నాయన కాలంలో రాయచోటిలో కిరాణా అంగడి ఉండేది. అన్నదమ్ములిద్దరూ కడపకు వచ్చి, ఊరి బయట నల్లబండలు కోసి పాలిష్ పట్టే యార్డు పెట్టుకున్నారు. ఒకే వీధిలో పక్కపక్కన ఇళ్ళు, మధ్యలో నడుమెత్తు గోడ. మామకు అరవై దాటింది. చిన్నమామ ఆయనకంటే నాలుగేళ్ళు చిన్న. పొద్దున్నే ఆ గోడకు ఇటొకరు, అటొకరు నిలబడి టీ తాగుతూ ఒకే పేపరును రెండు ముక్కలు చేసి చదువుకునేవాళ్ళు. మొదటి పేజీ ఎప్పుడూ మామదే.

నా పెళ్ళి కర్నూలులో జరిగింది. అందరం వేదిక మీద వరసగా నిలబడి ఫోటో దిగుతున్నప్పుడు చిన్నమామ సంతోషం పట్టలేక అన్న భుజం మీద చెయ్యేశాడు. ఆ ఊపుకు మామ కళ్ళజోడు జారింది. అదే క్షణంలో ఫోటో పడింది. నెల తర్వాత ఆల్బం వచ్చింది. అందులో అన్నిటికంటే పెద్ద ఫోటో అదే, రెండు పేజీలు. పెళ్ళికొడుకు తండ్రి కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని, ఒక చెవికి కళ్ళజోడు వేలాడేసుకుని ఉన్నాడు. పక్కన తమ్ముడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

"నా కొడుకు పెండ్లి. నేను తుమ్ముతాండా. వాడు నగుతాండాడు," అన్నాడు మామ ఆల్బం మూసేసి.

"ప్రేమగా చెయ్యేసినా గదన్నా," అన్నాడు చిన్నమామ.

"నీ ప్రేమ నా కండ్లజోడు మీద పడింది."

మరుసటి శనివారం మామ తమ్ముణ్ణి కారులో ఎక్కించుకుని దేవుని కడప గుడికి పోయాడు. తమ్ముడు దర్శనానికనుకున్నాడు. మామ పళ్ళెంలో కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పి ఒట్టు పెట్టుకున్నాడు. "ఈ జన్మలో నేను వీణ్ని ముట్టుకోను. వీణ్ని ముట్టుకోనియ్యను. ముట్టుకుంటే నా నాలిక్కి ఉప్పు తెలీకుండా పోనీ."

ఉప్పెందుకని మా ఆయన తర్వాత అడిగాడు. మామ దానికి నిదానంగా జవాబు చెప్పాడు. "కండ్లు, కాళ్ళు అంటే శానా పెద్దవయితాయిరా. ఒక ఫోటోకు ఉప్పు సాలు."

ఒట్టు మాటల మీద కాదు, ముట్టుకోవడం మీదే. అందుకని మాటలు ఆగలేదు. టీ ఆగలేదు. యార్డు ఆగలేదు. చేతికి చెయ్యి తగలకూడదు, అంతే. తాళాలు బల్ల మీద పెడితే రెండోవారు తీసుకోవాలి. కారులో ఇద్దరికీ వెనక సీటే కావాలి. ముందు కూర్చుంటే ఎండ కొడుతుందని ఒకరు, డ్రైవరు పక్కన కూర్చునే మనిషిని కానని ఇంకొకరు. కాబట్టి నడుమ దిండు పెట్టేవారు. ఆ దిండుకు మా అత్త పూల గలీబు కుట్టింది. రెండు పెళ్ళిళ్ళకు, ఒక గృహప్రవేశానికి అది కారులో వచ్చింది.

బండల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఒక బండను ఇద్దరూ చెరో కొస పట్టుకుంటే ముట్టుకున్నట్టా, కాదా? దాని మీద రెండు రోజులు మాట్లాడుకుని వాళ్ళే ఒక లెక్క తేల్చుకున్నారు. వస్తువు మూరెడు కంటే పొడుగుంటే ముట్టుకోవడం ఒక కొస నుంచి ఇంకో కొసకు పోదు. బండ పరవాలేదు. చుట్టిన పేపరు పరవాలేదు. పెన్ను పనికిరాదు. కొలిచే టేపు లోపల చుట్టుకునుంటే పనికిరాదు, బయటికి లాగితే పరవాలేదు. మా ఇంట్లో ఇదంతా మామూలైపోయింది. కొత్తగా వచ్చినదాన్ని గనక నాకే కొన్నాళ్ళు వింతగా ఉండేది. తర్వాత నేనే దిండు మరిచిపోయారని గుర్తు చేసే స్థితికి వచ్చాను.

మూడేళ్ళు అలా గడిచాక, ఒక మే నెలలో కారు రేడియేటరు పాడైంది. తుమ్మలపల్లె దగ్గర ఎవరో ఇల్లు కట్టుకుంటూ బండలకు కొలతలు తీసుకొమ్మన్నారు. ఇద్దరూ పులివెందుల బస్సెక్కారు. జనం కిక్కిరిసి ఉన్నారు. మామ ఒక కడ్డీ, చిన్నమామ ఇంకో కడ్డీ పట్టుకుని జాగ్రత్తగా నిలబడ్డారు. సగం దూరంలో గొర్రెల మంద రోడ్డుకు అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు.

తగలడం అంటే అలా ఇలా కాదు. చిన్నమామ నుదురు వచ్చి మామ రొమ్ముకు కొట్టుకుంది. మామ వెనక్కి పడ్డాడు. గొర్రెలు పోయి, దుమ్ము సర్దుకుని, జనం చూసేసరికి బస్సు నడవలో మామ కూర్చుని ఉన్నాడు, ఆయన ఒళ్ళో చిన్నమామ కూర్చుని ఉన్నాడు.

"లేయండప్పా. ఆటలు ఇండ్లకు పోయి ఆడుకోండి," అన్నాడట కండక్టరు.

ఆ మధ్యాహ్నం మామ ఇంటికొచ్చి నేరుగా పోయి పెరట్లో కొళాయి కింద చొక్కాతో సహా కూర్చున్నాడు. తర్వాత బట్టలు మార్చుకుని అన్నానికి వచ్చాడు. పప్పన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. మా అత్త వైపు చూశాడు.

"పోయింది," అన్నాడు. "ఉప్పు పోయింది."

మా అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అసలు సంగతి మాకిద్దరికే తెలుసు. ఆర్నెల్ల కింద డాక్టరు రక్తపోటు చూసి ఉప్పు తగ్గించమన్నాడు. మామ ఆ డాక్టరుకే నాలుగు చీవాట్లు పెట్టి వచ్చాడు. అప్పటినుంచి మా అత్త రోజుకు చిటికెడు, రోజుకు చిటికెడు తగ్గించుకుంటూ వస్తోంది. ఊరగాయ జాడీని పై అరకు ఎక్కించింది. తగ్గింది కొంచెం కొంచెంగా కాబట్టి ఆయనకు తెలియలేదు. ఆ రోజు మాత్రం పప్పులో అసలు వెయ్యనే లేదు. మరిచిపోయిందో, ధైర్యం వచ్చిందో ఆమె ఇప్పటికీ చెప్పదు.

"ఇంత ఉప్పు నాలిక మీద వేసుకుని చూడు నాయనా," అన్నాడు మా ఆయన.

మామ చెయ్యి కడుక్కున్నాడు. "తెలీకపోతే?" అన్నాడు.

నిజం చెబుదామని నేను అత్తకు సైగ చేశాను. ఆమె కళ్ళతోనే వద్దంది. ఉప్పు దొంగతనం బయటపడితే ఆయన జాడీ దింపుకుని కూర్చుంటాడని ఆమె భయం. ఆమె భయంలోనూ అర్థముంది.

మూడు రోజులు మామ సరిగా తినలేదు. మజ్జిగ తాగేవాడు, అరటిపండు తినేవాడు. ఉప్పు అవసరం లేనివే. చిన్నమామ గోడవతల టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండేవాడు, మామ బయటికి వచ్చేవాడు కాదు. "నేనేమైనా కావాలని పడినానామ్మా?" అని నన్నడిగాడు. "గొర్రెలను అడగమను."

నాలుగో రోజు కాలేజీ ల్యాబు నుంచి రెండు దండాయస్కాంతాలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. సెలవులే అయినా, వారం ముందే సప్లిమెంటరీ పరీక్ష రాసే పిల్లలకు ఆ పాఠం చెప్పి ఉన్నాను. మామ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మామా, మీ ఒట్టు చెడిపోలేదు," అన్నాను. "బస్సులో మీరు చిన్నమామను ముట్టుకోలేదు."

"వాడు నా ఒళ్ళో కూచున్న్యాడమ్మా."

"కూర్చున్నట్టు కనబడింది. ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేరు మామా. ఇది నేను చెప్పేది కాదు, పుస్తకంలో ఉండేదే."

అయస్కాంతాలు తీసి ఉత్తర ధ్రువాన్ని ఉత్తర ధ్రువం ముందు పెట్టి ఆయన చేతికిచ్చాను. కలపమన్నాను. ఆయన బలమంతా పెట్టి నొక్కాడు. బండలు ఎత్తిన చేతులు. అయినా అవి దగ్గరకు వస్తాయి, జారిపోతాయి.

"నడుమ ఏముంది మామా?"

"ఏం లేదు. కానీ తోస్తాండాది."

"మన ఒళ్ళూ అంతే," అన్నాను. అన్నీ పరమాణువులతో చేసినవే అని, పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు పొగమంచులా కమ్ముకుని ఉంటాయని, చిన్నమామ మేఘం మామ మేఘం దగ్గరకు వచ్చేసరికి రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయని చెప్పాను. అయస్కాంతం ఊరికే పోలికకేననీ, లోపలి లెక్కలు వేరనీ కూడా చెప్పాను గానీ అది ఆయన వినలేదు. "ఎంత గట్టిగా పడినా నడుమ కొంచెం ఎడం ఉండనే ఉంటుంది. దిండుంది అనుకోండి. కంటికి కనబడని దిండు."

మామ చాలాసేపు అయస్కాంతాలతో ఆడుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"అయితే నేనీ కుర్చీలో కూచోని ఉండానా, లేదా?"

"తేలుతున్నారు మామా. కొంచెం ఎత్తులో."

ఆయన చప్పున లేచి నిలబడ్డాడు. కుర్చీని చూశాడు. మళ్ళీ మెల్లగా, పగిలేదేదో ఉన్నట్టు కూర్చున్నాడు.

"అరవై ఏండ్లుగా తేలుతాండానా?"

"పుట్టినప్పటినుంచీ."

"మరి బల్లి మీద పడితే దోషమంటారు గదా? అదీ పడనట్టేనా?"

బల్లి సంగతి నాకు తెలియదన్నాను. ఆ సాయంత్రం ఆయన వంకాయ కూరతో కడుపునిండా అన్నం తిన్నాడు. మా అత్త ఆ రోజు కూరలో నాలుగు రాళ్ళు ఉప్పు ఎక్కువే వేసింది. "వచ్చిందే. కొంచెం కొంచెంగా వస్తాండాది," అన్నాడు మామ.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మా మామకు ఒక కొత్త సంగతి తెలిస్తే దాన్ని ఇంట్లో పెట్టుకోలేడు. మరుసటి రోజు క్షవరానికి పోయి, ఇరవై ఏళ్ళుగా తనకు జుట్టు కత్తిరించే మనిషితో "నువ్వు ఇన్నేండ్లలో ఒక్కసారి గూడా నా తల ముట్టుకోలేదప్పా" అన్నాడట. ఆ మనిషి చిన్నబుచ్చుకున్నాడు. "అయితే ఎంటికలు ఎవురు కత్తిరిచ్చినారు సామీ?" అన్నాడు. అంతకుముందు రోజు దాకా చుట్టాలను దూరం నుంచి పలకరించే మామ, ఇప్పుడు కనబడినవాళ్ళందరి వీపులూ తట్టడం మొదలుపెట్టాడు. ముట్టుకోవడం లేనప్పుడు మొహమాటమెందుకని.

ఆ ఆదివారం మా వంటింటి గట్టుకు బండ ఎంచుకుందామని నేను కూడా యార్డుకు పోయాను. చిన్నమామ కోత మిషను దగ్గర నీళ్ళ పైపు సర్దుతున్నాడు. మామ నేరుగా పోయి వెనకనుంచి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. మూడేళ్ళ తర్వాత. చిన్నమామ చేతిలోంచి పైపు జారింది. నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా పారాయి. పనివాళ్ళు మిషన్లు ఆపారు. చిన్నమామ మొహం చూడాలి, చిన్నపిల్లాడి మొహం.

"అన్నా," అన్నాడు. "పోయిందా కోపం? ముట్టుకున్యావే!"

"యాడ ముట్టుకున్యా?" అన్నాడు మామ, పట్టు వదలకుండా. "ముట్టుకోలేదురా. కోడల్నడుగు. ముట్టుకోకుండానే పట్టుకున్యా."

చిన్నమామ ఆ చేతులు విడిపించుకున్నాడు. పైపు తీసుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. నేను బండ ఎంచుకోకుండానే ఇంటికొచ్చాను.

రెండు రోజుల తర్వాత నేను కాలేజీ నుంచి వచ్చేసరికి చిన్నమామ మా వరండాలో కూర్చుని ఉన్నాడు. మామ ఇంట్లో లేడని తెలిసే వచ్చినట్టున్నాడు. మంచినీళ్ళిస్తే తీసుకున్నాడు గానీ తాగలేదు.

"ఒక మాట అడుగుతా, సూటిగా చెప్పమ్మా," అన్నాడు. "మొన్న మా అన్న నన్ను ముట్టుకున్యాడా, లేదా?"

నేను ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

"ఆయన ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న్యప్పుడు గూడా నాకింత బాధ కాలేదు," అన్నాడు. "కోపంతో ముట్టుకోలేదంటే కోపమన్నా ఉండాది గదా. ఇప్పుడు వచ్చి పట్టుకోని, ఇది ముట్టుకోవడం కాదంటాండాడు. మా అమ్మ పోయినప్పుడు నన్ను ఎత్తుకోని స్నానం చేయించింది ఆయనే. నాకప్పుడు ఏడేండ్లు. అదీ ముట్టుకోలేదంటావా? నీ లెక్క ప్రకారం?"

బోర్డు ముందు నిలబడి ఎన్నో ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. ఎవరూ ఎవర్నీ ఒక్క పరమాణువంతైనా ముట్టుకోరు అనగానే పిల్లలు నోళ్ళు తెరుస్తారు. ఆ నోళ్ళు తెరవడం చూడటం నాకిష్టం. అక్కడితో ఆపేసి గంట కొట్టగానే బయటికి వస్తాను. ఆ లెక్క ప్రకారం ఒక ఏడేళ్ళ పిల్లాడికి ఎవరూ స్నానం చేయించలేదని నాకు ఏనాడూ తట్టలేదు.

"ముట్టుకున్నాడు చిన్నమామా," అన్నాను. "అప్పుడూ ముట్టుకున్నాడు, మొన్నా ముట్టుకున్నాడు."

"రాసిస్తావా?"

రాసివ్వడం ఎందుకన్నాను. మాట చాలని పోయాడు. మాట చాల్లేదు. ఆ సాయంత్రమే గోడకు అటూ ఇటూ నిలబడి ఇద్దరూ అరుచుకున్నారు. "ముట్టుకోలేదని చెప్పింది మా కోడలే!" అని మామ. "ముట్టుకున్న్యాడని చెప్పింది గూడా ఆ కోడలే!" అని చిన్నమామ. తర్వాత రెండు తలలూ ఒకేసారి మా తలుపు వైపు తిరిగాయి. నేను వంటింట్లో గసగసాలు నూరుతూ వినబడనట్టే ఉన్నాను.

మరుసటి రోజు నన్ను యార్డుకు రమ్మన్నారు. పంచాయితీ అని ఎవరూ అనలేదు గానీ అది అదే. షెడ్డు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. మామ, చిన్నమామ, మా అత్త, నేను. పాలిష్ మేస్త్రీ కూడా ఉన్నాడు. దర్గా దగ్గరుండే పెద్దమనిషి, ముప్పై ఏళ్ళుగా వాళ్ళ దగ్గరే పని చేస్తున్నాడు. ఆయనను న్యాయం చెప్పడానికి పిలిచారో, ఊరికే నిలబడ్డాడో నాకు తెలియదు.

"మా ఇద్దరికీ రెండు రకాలుగా చెప్పినావంట," అన్నాడు మామ. "ఏదమ్మా నిజం?"

నేను నోరు తెరిచేలోపే మేస్త్రీ అందుకున్నాడు. "మాఫ్ చెయ్యండి సేట్, ఒక మాట. పాలిష్ పట్టిన బండ మీద బండ పెట్టేటప్పుడు నడుమ కాగితం యేస్తాం. యేయకపోతే గీతలు పడతాయి. ముట్టుకోకుంటే గీత ఎట్ల పడతాది అమ్మా?"

నాకు కాలేజీలో ఎవరూ అంత మంచి ప్రశ్న వెయ్యలేదు.

"తోపు వల్ల," అన్నాను. "పై బండకు అంటుకున్న ఇసక రేణువు కింది బండను తోస్తుంది. ఎంత గట్టిగా తోస్తుందంటే కింది బండలో కొన్ని పరమాణువులు ఉన్నచోట ఉండలేక లేచిపోతాయి. అదే గీత."

"మరి తడిబండలు?" అన్నాడు మేస్త్రీ. "నున్నగా పట్టిన రెండు తడి బండల్ని ఒకదాని మీద ఒకటి పెట్టినామనుకో, ఇద్దరు మనుషులు లాగినా ఊడవు. తోసుకుంటే అంటుకునేది ఎట్ల?"

"శానా దగ్గరకు వచ్చినప్పుడు తోపుకు ముందు కొంచెం లాగడం కూడా ఉంటుంది. నీళ్ళు ఆ ఎడాన్ని నింపి రెండింటినీ పట్టుకుంటాయి."

"అంటే తోసుకుంటాయి, లాక్కుంటాయి," అన్నాడు చిన్నమామ. "మరి ముట్టుకునేది ఎప్పుడు?"

ఇక చెప్పక తప్పలేదు. "మామా, నేను మీకు సగమే చెప్పినాను," అన్నాను. "మీరు అన్నం తినాలని. ఎడం ఉందన్న మాట అబద్ధం కాదు. కానీ ముట్టుకోవడం అంటే ఒకదాని అంచు ఇంకోదాని అంచును ఆనుకోవడం అని మనం అనుకుంటాం. పరమాణువుకు అంచే లేదు. పొగకు అంచెక్కడ? కాబట్టి అట్లాంటి ముట్టుకోవడం ఈ లోకంలో యాడా లేదు. బండకు లేదు, బల్లికి లేదు, మనిషికి లేదు. ఉండేది ఒక్కటే. బాగా దగ్గరకు రావడం, వచ్చి ఒకరినొకరు తోసుకోవడం. ఆ తోపు మన చర్మానికి తెలుస్తుంది. దానికే మన పెద్దవాళ్ళు ముట్టుకోవడం అని పేరు పెట్టినారు. ఇంకో ముట్టుకోవడం యాడో దాచిపెట్టి ఉంది, అది మనకు అందలేదు అనుకోవడమే తప్పు."

దూరంగా కోత మిషను మీద నీళ్ళు కారుతున్నాయి.

"అంటే బస్సులో ముట్టుకున్న్యా," అన్నాడు మామ.

"ముట్టుకున్నారు మామా."

"ఒట్టు తప్పినా."

"తప్పినారు."

ఆయన మొహం వాడిపోయింది. "అందుకే గదా ఉప్పు పోయింది. నాలుగు దినాలు వచ్చినట్టు వచ్చింది. మళ్ళీ పోతాదేమో ఇప్పుడు."

అప్పుడు మా అత్త కుర్చీలోంచి లేచింది. ఆమె ఎవరి ముందూ గొంతెత్తే మనిషి కాదు. "ఉప్పు దేవుడు తీసుకోపోలేదు," అంది. "నేను తీసినా. డాక్టరు చెప్పినప్పట్నించీ తీస్తాండా. ఆ పొద్దు పప్పులో అసలు ఎయ్యనే లేదు."

మామ ఆమెను, తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఎప్పట్నించి?"

"ఆర్నెల్లాయె."

మామ కోప్పడతాడని నేననుకున్నాను. ఆయన వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటున్నాడు. "బస్సు మొన్న. ఉప్పు ఆర్నెల్ల కింద. అంటే తప్పు చెయ్యకముందే శిక్ష పడిందా?"

"పడలేదు, అదే చెప్తాండా," అంది అత్త.

"తప్పు చేసినా శిక్ష పడలేదు. అంటే దేవుడు బస్సుది లెక్కలో వేసుకోలేదు."

"గొర్రెలు అడ్డమొచ్చినాయి గదన్నా," అన్నాడు చిన్నమామ. ఎప్పుడూ ఆయన గొర్రెలనే పట్టుకుంటాడు. "దేవునికి కనపడవా?"

మేస్త్రీ నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. మామ ఆ నవ్వు చూసి, తనూ నవ్వబోయి ఆపుకుని, చివరికి నవ్వేశాడు. తర్వాత గట్టిగా అన్నాడు. "ఈ ఒట్టు బాగలేదు. తీసేద్దాం. ఎవురికీ అర్థం కాని దాని మీద ఒట్టు పెట్టుకున్న్యా."

శనివారం మళ్ళీ దేవుని కడప పోయాం, ఈసారి అందరం. పూజారికి సంగతి చెబితే ఆయన సగంలోనే చెయ్యెత్తి ఆపాడు. పరమాణువుల దాకా రానివ్వలేదు. "కర్పూరం ఆర్పినారు గదా. అయితే మళ్ళీ వెలిగించి దానంతట అది ఆరేదాకా నిలబడండి," అన్నాడు. వెలిగించారు. పైన ఫ్యాను గాలికి వెంటనే ఆరిపోయింది. ఇది దానంతట అదే ఆరినట్టా, ఫ్యాను ఆర్పినట్టా అని మామకు అనుమానం. రెండోసారీ అంతే. ఫ్యాను ఆపించి మూడోసారి వెలిగించారు. ఎండాకాలం. గాలి ఆడక, జనమంతా విసుక్కుంటూ చెంగులతో విసురుకుంటుంటే, ఇద్దరూ ఆ చిన్న మంట వైపే చూస్తూ నిలబడ్డారు. చివరి నీలం మంట పోయి పళ్ళెంలో నల్ల మచ్చ మిగిలింది.

మేమందరం ఎదురుచూశాం. కనీసం భుజం మీద చెయ్యైనా వేస్తాడని.

"ఊఁ," అన్నాడు మామ.

"ఊఁ," అన్నాడు చిన్నమామ.

చెప్పులు వేసుకుని, మనిషికీ మనిషికీ నడుమ రెండడుగుల దూరంతో కారు దగ్గరకు నడిచారు. ఆ తర్వాత వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. తాళాలు ఇప్పుడు చేతికే ఇవ్వచ్చు గానీ బల్ల మీదే పెట్టేవారు. ఒక్కసారి కూడా ఒకరినొకరు తాకడం నేను చూడలేదు. ఇంత రభస చేసింది దీనికేనా అని మా అత్తను అడిగాను.

ఆమె చింతపండు గింజలు తీస్తోంది. "ఒట్టు లేనప్పుడు మాత్రం ఎప్పుడు ముట్టుకున్యారే? పెద్దోళ్ళయిన మగోళ్ళు గదా. ముట్టుకోవచ్చని తెలిస్తే సాలు వాండ్లకు."

నాకు కొంచెం నిరాశగానే ఉండేది. శ్రావణంలో ఒక రోజు వంటింటి గట్టు బండ మళ్ళీ ఎంచుకుందామని యార్డుకు పోయాను. చిన్నమామ సుత్తితో బండ అంచు చెక్కుతుంటే పెళ్ళ ఒకటి ఎగిరి కంట్లో పడింది. ఆయన సుత్తి పడేసి కన్ను మూసుకుని కూలబడ్డాడు. పనివాళ్ళు నీళ్ళు తెచ్చే లోపలే మామ వచ్చి తమ్ముడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో గడ్డం పట్టుకున్నాడు. కుడి చేతి బొటనవేలితో రెప్ప పైకి లాగాడు.

"అల్లాడద్దురా. పైకి సూడు. పైకంటే ఆకాశం, నా ముక్కు కాదు."

"మంట అన్నా."

"మండనీ. సూడు."

పంచె కొస నాలుకతో తడిపి, మడిచి, మెల్లగా ఆ నల్ల పెళ్ళను తీశాడు. గోటి మీద పెట్టుకుని చూశాడు. ఆవగింజంత ఉంది. తమ్ముడి కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది. మామ ఇంకా ఆ గడ్డం వదల్లేదు, ఇంకేమైనా ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"కండ్లద్దాలు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా నీకు?" అని ఆయన తిట్టడం మొదలుపెట్టాడు. చిన్నమామ ఒంటికంటితో చూస్తూ, అద్దాలు పెట్టుకుంటే చెమటకు ఏమీ కనబడదని వాదించాడు. ఆ వాదన చాలాసేపు సాగేటట్టుందని నేను పోయి నా బండ ఎంచుకున్నాను.